కాచుకున్నవాళ్లకు కెరటం

తిత్తిదిబ్బ మా ఊరికి ఇచ్చింది ముందు చెబుతాను. తీసుకున్నది తర్వాత. అలా చెబితేనే వినేవాళ్లు చివరిదాకా కూర్చుంటారు.

మాది భీమిలికి ఉత్తరాన దిబ్బలరేవు. ఒడ్డున పడవలు దిగగానే చేపలకు వేలంపాట పాడించేదాన్ని నేనే. మా ఆయన పోయిన దగ్గర్నుంచి ఆ పని నా చేతికొచ్చింది. మొదట్లో మగవాళ్లు నవ్వారు. వంజరం కన్ను చూసి అది ఏ పూట వలలో పడిందో చెప్పడం మొదలుపెట్టాక నవ్వడం మానేశారు. నూకరత్నం చెప్పిన మాటకు తిరుగులేదన్న పేరు ఊరికే రాలేదు.

దిబ్బ వచ్చేదాకా మా ఊరిని సముద్రం కొరుక్కు తింటూ ఉండేది. ప్రతి వానాకాలం ముందువరస ఇళ్లలో ఒకటో రెండో కూలిపోయేవి. ఇంటివాళ్లు తలుపులు, దూలాలు పీక్కుని వెనక్కి జరిగేవారు. ఒడ్డుకు కాస్త దూరంలో నీళ్ల అడుగున దిబ్బ కట్టాక దాని వెనక ఇసుక పేరుకుంది. ఒడ్డు మళ్లీ వెడల్పయింది. ఇది మొదటి లాభం. రెండోది, కెరటాల మీద బోర్డులేసుకుని ఆడేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఇంటికో గది అద్దెకిచ్చారు మావాళ్లు. మూడోది నా కూతురు పైడి.

మాలో ఆడది పడవ ఎక్కకూడదు. పట్టిన చేప అమ్మొచ్చు, ఎండబెట్టొచ్చు, గంపనెత్తుకుని ఊళ్లు తిరగొచ్చు, సముద్రంలోకి మాత్రం పోకూడదు. గంగమ్మకు కోపం వస్తుందంటారు. పైడి చిన్నప్పుడు వాళ్ల మావ పడవ అంచు పట్టుకుని వేలాడినందుకు మా అమ్మ దాని వీపు చిట్లగొట్టింది. అలాంటి పిల్లకు బోర్డు దొరికింది. బోర్డు పడవ కాదు కాబట్టి ఏ పెద్దకూ నోరు లేవలేదు. రెండేళ్లు తిరక్కుండానే వచ్చినవాళ్లకు అదే నేర్పడం మొదలుపెట్టింది. మా వంశంలో సముద్రంలోకి పోయిన మొదటి ఆడది అదే.

దిబ్బ కట్టినావిడ పేరు సుధేష్ణ. పెద్ద చదువు చదివిన మనిషి. ఒడ్డున గాజు గది కట్టించుకుని అందులోనే ఉండేది. మొదటి ఏడాది నన్ను తన మోటారు పడవ ఎక్కించుకుని తీసుకెళ్లింది. మా పడవ కాదు కనక ఎక్కాను. అయినా ఊళ్లో నాలుగు రోజులు గుసగుసలు పోయారు.

దిబ్బ మీదికి వెళ్లాక ఇంజను ఆపి, తను బోర్డు మీదికి దిగి కాళ్లు నీళ్లలో వేలాడేసి కూర్చుంది.

"కదలకండి రత్నంగారూ. చూస్తూ ఉండండి."

నీళ్లు అద్దంలా ఉన్నాయి. కింద కమ్మరి కొలిమిలో తిత్తుల్లాంటివి, కాకపోతే ఒక్కొక్కటి రెండు పడవలంత పొడుగు, వరసగా పడుకుని కనబడ్డాయి. కాసేపటికి వాటిలో ఉత్తరం వైపువి నెమ్మదిగా ఉబ్బాయి. వెనక నుంచి వస్తున్న మామూలు కెరటం వాటిమీదికి రాగానే నిటారుగా లేచింది. సుధేష్ణ దానిమీద లేచి నిలబడి ఒడ్డు దాకా జారిపోయింది. తిరిగొచ్చాక రొప్పుతూ అడిగింది.

"చూశారా? అది నన్ను కనిపెట్టింది."

"కళ్లెక్కడున్నాయి దానికి?"

"కళ్లు లేవు. బరువు తెలుస్తుంది, కదలిక తెలుస్తుంది. పైన ఎవరైనా కదలకుండా కాచుకుని ఉంటే వాళ్లకు కెరటం కావాలని అర్థం చేసుకుంటుంది. వచ్చేవాటిలో మంచిది ఎంచి, దాని కింద తిత్తులు ఉబ్బిస్తుంది. ఇటు నీళ్లు తీసి అటు నింపుకుంటుంది."

"ఎవరు నేర్పారు?"

"ఎక్కినవాళ్లే నేర్పుతారు. ఒడ్డుదాకా జారితే బాగా ఇచ్చాననుకుంటుంది. కాచుకున్నవాడు ఎంతసేపు కాచుకుంటే అంత పెద్ద కెరటం అడుగుతున్నాడనుకుంటుంది. రోజురోజుకీ తెలివి పెరుగుతుంది."

నాకు నచ్చింది. గిరాకీ ముఖం చూసి సరుకు తీసే దుకాణదారుడు ఎవరికి నచ్చడు?

మొదటి ఏళ్లలో దిబ్బను పొద్దెక్కాకే లేపేవారు. మా పడవలు తెల్లారగట్ల వచ్చేసేవి కాబట్టి గొడవ లేదు. కిందటి ఏడు మాత్రం అది రాత్రీ పగలూ మేలుకుని ఉంటే తొందరగా నేర్చుకుంటుందని వదిలేశారు. తీసుకోవడం అక్కడ మొదలైంది.

ముందు దానయ్య పడవ తిరగబడింది. చిన్న గాలి కూడా లేని రోజు. దానయ్య పడవ కిందే పోయాడు. తాగి ఉన్నాడన్నారు కొందరు. నేనూ అదే అన్నాను. నెల తిరక్కుండా ఇంకో పడవ బోల్తా కొట్టి ఒకడి తుంటి విరిగింది. వాడు చుక్క కూడా ముట్టడు. మా అన్న గురువులు ఆ రోజు వాళ్ల వెనక పడవలోనే ఉన్నాడు. చేపలు దించుతూ నా దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పాడు.

"ఆ కెరటం ఆడికోసవే లెగిసినాది రత్నం. సుట్టూ సప్పగా ఉన్నాది. ఆడి కిందొకటే లెగిసినాది. నా కల్లతో సూసినాను."

"కెరటానికి నీమీదా నామీదా పగలుంటాయేటన్నా? బేగి దించు, పాట మొదలెట్టాలి."

ఆ మాటకు ఏ విలువా కట్టలేదు నేను.

వాయుగుండం మర్నాడు వస్తుందన్నారు, అది దారి తప్పి ఒకరోజు ముందే ఒడ్డుకు తిరిగింది. మర్నాటి నుంచి వేట ఉండదని ఆ రోజు పొద్దున్న కూడా వెళ్లిన పడవలన్నీ మధ్యాహ్నానికే వెనక్కి మళ్లాయి. గంపలు పట్టుకుని ఆడవాళ్లమంతా ఒడ్డున నిలబడ్డాం. గాలికి ఇసుక ముఖాలకు కొడుతోంది.

మా ఒడ్డున పడవ దించడానికి ఒక పద్ధతుంది. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి, తర్వాత కాస్త ఖాళీ వస్తుంది. పడవలు కెరటాలకు అవతలే ఇంజను తగ్గించి ఆగుతాయి. ముందు పడవలో పెద్దవాడు లేచి నిలబడి వెనక్కి చూస్తాడు. ఖాళీ రాగానే చెయ్యి దించుతాడు. ఒక్కో పడవ దూసుకొచ్చేస్తుంది. ఎంత తొందరైనా, ఎంత ఆకలైనా కాచుకోవాలి. నడక నేర్వకముందే నేర్చే పాఠం అది మాకు.

ఆ రోజు ఖాళీ రాలేదు. ఒక పడవ తెగించి బయల్దేరింది. దాని వెనక కెరటం గోడలా లేచింది. పడవ మలుపు తీసుకుని ఎలాగో మళ్లీ అవతలికి పోయింది. ఒడ్డున ఏడుపులు మొదలయ్యాయి. ఎదురుగాలికి పక్క రేవుకు పోయేంత డీజిలు ఎవరి దగ్గరా లేదు.

సుధేష్ణ దిబ్బ కదలికలు చూపించే తెర చేత్తో పట్టుకుని గాజు గదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

"వాళ్లు అక్కడెందుకు ఆగారు? ఎందుకు లోపలికి రావట్లేదు?"

"ఖాళీ కోసం కాచుకున్నారు."

"కాచుకున్నారా?"

"మరి? ఖాళీ చూడకుండా ఎవడొస్తాడు?"

ఆవిడ తెర వైపు చూసింది, పడవల వైపు చూసింది.

"బోర్డు మీద కూర్చున్నవాళ్లూ అలాగే కాచుకుంటారు రత్నంగారూ. కదలకుండా, వెనక్కి చూస్తూ. వీళ్లు పెద్ద కెరటం పోవాలని కాచుకున్నారు. అది, పెద్ద కెరటం కావాలనుకుంటోంది. ఎంతసేపు ఆగితే అంత పెద్దది వెతికి ఇస్తోంది."

దానయ్య ఎంత నిదానం మనిషో గుర్తొచ్చింది. ఊళ్లో అందరికన్నా ఎక్కువసేపు కాచుకునేవాడు.

"ఆపెయ్యండి మరి!"

"ఆపమనే చెప్పాను. తిత్తులు ఖాళీ అవడానికి పొద్దుగూకేదాకా పడుతుంది. నీళ్లన్నీ ఒక్కసారిగా వదిలితే దాని వెనక ఇసుకంతా జారిపోతుంది, ముందువరస ఇళ్లతో సహా."

అన్నకు ఫోను చేశాను. గాలి హోరులో సగం మాటలే వినబడుతున్నాయి.

"అన్నా, ఆగొద్దు! ఆగకుండా వచ్చీండి! మీరాగితేనే అది లెగుస్తన్నాది!"

"మతుండే మాటాడతన్నావా? ఖాళీ సూడకుండా పడవ ఇడిసినోడు మనింట్లో ఎవుడున్నాడే? ఈ గాలికి అది లెగకపోయినా ఉత్త కెరటవే తిప్పీసి కొడతాది."

అది కూడా నిజమే. ఆగితే దిబ్బ కొడుతుంది, ఆగకపోతే గాలి కొడుతుంది.

అప్పటికే పైడి బోర్డు చంకన పెట్టుకుని మా వెనక నిలబడి ఉంది.

"మేడమ్, అది ఒకేపాలి రెండు పక్కలా లెగలేదు కదా?"

"లేదు. ఉన్న నీళ్లు అటో ఇటో..." అంటూనే సుధేష్ణ ఆగిపోయింది. "వద్దు పైడీ."

"నాను ఉత్తరం కొసన కూకుంటాను. అది నా కాడికొత్తాది. దచ్చినం పక్క పల్లవైపోద్ది. ఆలు అటునుంచి వచ్చీమను."

"ఈ సముద్రంలో బోర్డు మీద ఎవరూ..."

"దానికి నానంటే ఇష్టం మేడమ్. ముందు నా కాడికే వొత్తాది." తర్వాత నా వైపు తిరిగింది. "అమా, మావకి ఫోన్ సెయ్. దచ్చినం పక్కకి జరగమను."

నేను లెక్క వేశాను. అబద్ధమెందుకు, తల్లినై ఉండీ లెక్కే వేశాను. అక్కడ పడవకు నలుగురైదుగురు, వాళ్ల వెనక ఇళ్లల్లో పిల్లలు, ముసలివాళ్లు. ఇటు ఒక్కర్తి. తూకంలో ఏ తక్కెడ కిందికి పోతుందో చెప్పడానికి నూకరత్నం అక్కర్లేదు. నేను వెళ్లమనలేదు. వద్దనీ అనలేదు. బేరంలో మాట్లాడకుండా నిలబడినవాడు ఒప్పుకున్నట్టే.

ఫోను చేశాను.

పైడి నీళ్లలోకి దూకింది. కెరటం కెరటానికీ మునిగి అవతల తేలుతోంది. ఉత్తరం కొసకు చేరి బోర్డు మీద లేచి కూర్చుంది. అంత గాలిలోనూ వీపు నిటారుగా పెట్టి కదలకుండా కూర్చుంది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత పడవల ముందు నీళ్లు చదునుగా సాగాయి. పైడి వెనక మాత్రం నల్లటి గోడ లేచింది.

"వొదులన్నా!" అని నేను ఫోనులో అరిచాను.

మొదటి పడవ దక్షిణం పక్కనుంచి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పైడి గోడ మీద జారి నురగలో మాయమై మళ్లీ పైకి తేలింది. బోర్డు లాక్కుని మళ్లీ అవతలికి వెళ్లి మళ్లీ కూర్చుంది. అలా ఒక్కో పడవకూ ఒక్కో కెరటం తన మీదికి పిలుచుకుంది. ఆఖరిది మా అన్న పడవ. అది ఇసుకకు తగిలేసరికి పైడి కనబడలేదు. కాలికి కట్టుకున్న తాడు తెగి బోర్డు ఒక్కటే ఒడ్డుకొచ్చింది.

మా అన్నే నీళ్లలోకి పరిగెత్తి పైడిని తీసుకొచ్చాడు. ఎడమ భుజం జారిపోయి ఉంది. చెవిలోంచి రక్తం కారుతోంది. అయినా నవ్వుతోంది.

"అమా, అది నన్ను గుర్తట్టీసినాది. నాను కూకోగానే ఆలందర్నీ ఒగ్గీసి నా కాడికొచ్చీసినాది."

ఆ నవ్వు చూసి నాకు దానయ్య శవాన్ని చూసినప్పటికన్నా ఎక్కువ భయం వేసింది.

పట్నం ఆసుపత్రిలో భుజం ఎక్కించి కట్టు కట్టారు. ఎడమ చెవి ఇక వినబడదన్నారు. మేం తిరిగొచ్చేసరికి ఊరు ఒడ్డున కూర్చుని ఉంది. ఊరిపెద్ద సత్తెయ్య మధ్యలో కుర్చీ వేయించుకున్నాడు.

సుధేష్ణ దాచకుండా చెప్పింది. దిబ్బకు పడవ వేరు, బోర్డు వేరు అని మళ్లీ నేర్పాలంటే రెండు వానాకాలాలు పడుతుంది. అప్పటిదాకా ఆపేస్తే ఇసుక పోతుంది, ముందువరస ఇళ్లు పోతాయి. ఆపకపోతే పడవలు పోతాయి. పక్క రేవులో దిగుదామంటే వాళ్లు మన చేపకు వాళ్ల ధర కడతారు. ఏ దారి చూసినా నష్టమే.

"ఓ పన్జేద్దాం," అన్నాడు సత్తెయ్య. "పడవలొచ్చే యేలకి మనిసొకడు ఉత్తరం కొసన కూకుంటే సరిపోద్ది కదేటి. ఆ రెండు వానాకాలాలూ."

"మనుషుల్ని ఎరగా కూర్చోబెట్టడానికి నేను ఒప్పుకోను," అంది సుధేష్ణ.

"అయితే ఇన్నాల్లూ మీరు కూకోబెట్టినోల్లు మనుసులు కారేటి మేడమ్? బొమ్మలేటి?"

ఎవరో నవ్వారు. సుధేష్ణ తల దించుకుంది. దిబ్బ తనది. మాటకు మాట చెప్పే హక్కు పోగొట్టుకున్నానని ఆవిడకు తెలుసు.

"ఆడది పడవెక్కకూడదు గానీ బోర్డెక్కొచ్చు," అని ఒక ముసలాయన అందుకున్నాడు. "గంగమ్మకి ఆ సిక్కు కూడా లేదు."

మా ఊళ్లో నలుగురికీ చెందిన పని ఏదైనా పాటలోనే పెడతారు. ఎండుచేపల కళ్లం కాపలా, ఐసు మోసే పని, అన్నీ అంతే. తక్కువకు ఒప్పుకున్నవాడిది పని. కొసన కూర్చునే పని కూడా పాటకు పెట్టారు. పాడించవలసింది నేను.

లేచి నిలబడ్డాను. ఇన్నేళ్లూ చేపలు పాడించిన ఆ గొంతుతోనే మొదలుపెట్టాను.

"ఉత్తరం కొస. పడవకో గంప చేప. ఎవరు తగ్గిస్తారు?"

బోర్డులు నేర్చుకున్న కుర్రాళ్లు ఒకరి డొక్కలో ఒకరు పొడుచుకున్నారు.

"అరగంప!"

"ఒరే, నీకు ఈతే సరిగ్గా రాదురా, అరగంప నీ దినానికా?"

"ఒక కావిడి కవళ్ల చేప. రోజంతటికీ."

"నాకు గుప్పెడు నెత్తళ్లు సాలు, సీసా నంజుకోడానికి!"

జనం పగలబడి నవ్వారు. భయం తీరిన నవ్వు అది. సంతకెళ్లినట్టుంది వాళ్లకు. మా అన్న ఒక్కడే మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఉన్నాడు.

పైడి కట్టు కట్టిన చేతితో జనం మధ్యలోంచి లేచింది.

"నాకేటీ ఒద్దు. ఊరికే కూకుంటాను."

నవ్వులాగిపోయాయి.

"భుజం మానేదాకా అదెలగ కూకుంటాది?" అంది ఒకావిడ.

"కూకోడానికి భుజవెందుకు సిన్నమ్మా? ఈదీటప్పుడు కదా. మేడమ్ మోటారు పడవలో దింపీమనండి."

ఊరికే అన్నాక తగ్గించేదేముంది? నేను గొంతు సవరించుకున్నాను.

"ఊరికే. ఒకటోసారి." ఎవరూ కదల్లేదు. "ఊరికే. రెండోసారి."

మూడోసారి అనేదాకా పాట తెగదు. ఎంతటి షావుకారైనా ఆ మాట వినబడేదాకా గంప మీద చెయ్యి వెయ్యడు. నేను ఆగిపోయాను. సత్తెయ్య కుర్చీలో కదిలాడు.

"ఆ మాట అనీ రత్నం. పొద్దుపోతన్నాది."

"నా నోటికి రాదు బాబూ. పాట తెంచడానికి నేనే అక్కర్లేదు. ఇక్కడున్నవాళ్లలో ఎవరి నోటికొస్తే వాళ్లు అనండి, చెల్లుతుంది. నేనొప్పుకుంటున్నాను."

తెలిసే అన్నాను. ఒక్కొక్కరి ముఖమూ చూసి తూచాను. సత్తెయ్య అనడు. రేపు ఆ పిల్లకేమైనా అయితే మాట తన మీదుంటుంది. కుర్రాళ్లు అనరు, సిగ్గు. సుధేష్ణ అనదు. మా అన్న, మేనకోడలు కాపాడితే బతికిన మనిషి, నాలుక కోసుకుంటాడు గాని అనడు. ఆడవాళ్లకు ఆడపిల్లలున్నారు. ఎవరూ అనకపోతే పాట తెగదు. పాట తెగకపోతే రేపు పడవలు దిగవు. పదిరోజులు పొయ్యిలు వెలగకపోతే వాళ్లే దిబ్బ తియ్యమంటారు. ముందువరస ఇళ్లు వెనక్కి జరుగుతాయి. అన్నాళ్లూ నా పాటలూ ఉండవు, పోనీ. నా జీవితంలో అంత నష్టానికి అంత ఇష్టంగా ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఎవరూ అనలేదు. ముఖాలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. నా లెక్క పైసా తప్పలేదు. గెలిచాననుకుని ఊపిరి వదిలాను.

పైడి నన్ను చూడటం లేదు. వినబడే చెవి సముద్రం వైపు పెట్టి నిలబడి ఉంది.

"మూడోసారి," అంది.

కొనేవాళ్లందరినీ లెక్కలో వేశాను. నా కూతుర్ని సరుకు కిందే ఉంచాను. సరుకు నోరు తెరవడం ఏ పాటలోనూ చూడలేదు నేను.